మూడోరోజు పాలు

"పాలు ఎవురికి పోస్తాండావు సుబ్బయ్యన్నా?"

వెనకనుంచి ఆ మాట వినబడేసరికి బాలసుబ్బయ్య చేతిలోని గిన్నె తొణికింది. కొత్త డ్రైవరు అతీఖ్ గోడకు ఆనుకుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"ఎవురికేంది, చెట్టుకు."

"రేగుచెట్టుకు పాలా? మన రాయచోటిలో మూడోదినం సమాధి మీద పోస్తారు. చెట్టుకు పోసేది ఇప్పుడే చూస్తాండా."

"చూసినావు గదా. ఇంక పో."

అతీఖ్ వెంటనే పోలేదు. తిరగేసిన మట్టి వంక ఒకసారి, చెట్టుకు ఎదురుగా ఉన్న ఇంటి యజమానురాలు మామా గది కిటికీ వంక ఒకసారి చూసి, అప్పుడు కదిలాడు.

వంటింట్లో బియ్యం కడుగుతున్న వెంకటేశ్వరి, మొగుడు చెప్పింది విని చెయ్యి ఆపింది.

"వాడు ఫైసల్ మనిషయ్యా. వచ్చి నెల కాలేదు, మిష్మిష్ వయసెంత, యాడ పడుకుంటాది అని నన్ను గూడా అడిగినాడు. నువ్వు పాలు పొయ్యకుంటే ఏం పోయింది? పిల్లికి దినాలా?"

"ఇన్నాళ్లు నా కాళ్లకాడ పడుకున్న జీవం. ఊరికే పూడ్చి రాలేనే."

కువైట్‌లో, మిష్రిఫ్ పేటలోని ఆ విల్లా వెనక బాలసుబ్బయ్య పోషణలో ఇరవై పైచిలుకు వీధిపిల్లులు బతుకుతున్నాయి. కార్ల కింద పడి కాళ్లు విరిగినవి, యజమానులు ఊరు మారుతూ వదిలేసి పోయినవి. అన్నిట్లోకీ మామాకు ప్రాణం మిష్మిష్. సబ్హాన్ పేటలో లారీ ఇంజన్‌లో ఇరుక్కుని దొరికిన నారింజరంగు పిల్లి అది. దాని మీది ప్రేమతోనే ఆమె ఇన్ని పిల్లులకు నీడ కల్పించింది.

ఆమె పెద్దకొడుకు ఫైసల్‌కు ఇదంతా గిట్టదు. పనివాళ్ల ఇఖామాలు, అంటే దేశంలో ఉండనిచ్చే అనుమతి కాగితాలన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. "మిష్మిష్ ఉన్నన్నాళ్లే ఈ గోల. అది పోయిన రోజు ఖలాస్. పిల్లులు రోడ్డుకు, సుబ్బయ్య ఊరికి" అని అందరి ముందూ తేల్చేశాడు.

కువైట్‌కొచ్చిన ఆలుమగల్లో ఆయనొక పేటలో, ఆమె ఒక పేటలో ఉంటారు. శుక్రవారం సెలవు దొరికితే ఏ పార్కులోనో కలుసుకుంటారు. వీళ్లిద్దరికీ ఒకే కప్పు కింద పని దొరికిందంటే అది పిల్లుల పుణ్యమే.

అసలు సంగతేమంటే, అసలు మిష్మిష్ ఎప్పుడో పోయింది. కుళాయి ధార తప్ప గిన్నెలో నీళ్లు ముట్టని మారాం పిల్లి అది. బాలసుబ్బయ్య దాన్ని రేగుచెట్టు కింద గుట్టుగా పూడ్చాడు. మూడోరోజు పాలు పోసి, ఇంక మూటాముల్లె సర్దుకోవడమే అనుకున్నాడు. మర్నాడు పొద్దున గేటు బయట చెత్తడబ్బా పక్కన అచ్చం అలాంటి పిల్లే కూర్చుని ఉంది. ఆపరేషన్ చేసిన పిల్లులకు డాక్టర్లు కత్తిరించే ఎడమ చెవి కొన కూడా కత్తిరించే ఉంది. రాయచోటి వీరభద్రుడే పంపాడని బాలసుబ్బయ్య చెంపలు వేసుకున్నాడు.

ఆ రెండోది అతని చెప్పులో తలపెట్టి నిద్రపోయేది. అదీ పోయింది. మళ్లీ పాలు పోశాడు, మళ్లీ మర్నాడు గేటు దగ్గర పిల్లి. ఆ మూడోది వెంకటేశ్వరి దాచుకున్న ఎండుచేపల్ని డబ్బా మూత తీసి మరీ తినేది. మొన్న సోమవారం అది కూడా కన్నుమూసింది.

ప్రతి శుక్రవారం ఫైసల్ భోజనానికి వచ్చినప్పుడు "ఇది అదేనా?" అని అడుగుతాడు. మామా పిల్లిని ఒళ్లో పెట్టుకుని చెవి తడుముతుంది. ఆ తర్వాత "అదే" అంటుంది.

"ముసలామెకు చూపు ఆనదు కాబట్టి బతికిపోతాండాం" అంటుంది వెంకటేశ్వరి ప్రతివారం.

ఈసారి గురువారం తెల్లారింది. చెత్తడబ్బా పక్కన ఏమీ లేదు. బాలసుబ్బయ్య వీధులన్నీ తిరిగాడు. నల్లవి కనబడ్డాయి, తెల్లవి కనబడ్డాయి.

"పాలల్లో నీళ్లు గానీ కలిపినావా?" అంది వెంకటేశ్వరి. ఇద్దరికీ నవ్వు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫైసల్ కారు ముందుగేటులోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనకగేటులోంచి అతీఖ్ ఒక అట్టపెట్టెను కడుపుకు అదుముకుని లోపలికి వచ్చాడు. రేగుచెట్టు పక్కనుంచి, నక్కి నక్కి నడుస్తున్నాడు.

"తవ్వినాడయ్యా" అంది వెంకటేశ్వరి. "పిల్లిని బయటికి తీసినాడు. తీస్కపోయి ఫైసల్ ముందర పెడతాడు."

బాలసుబ్బయ్య పరుగెత్తి దారికి అడ్డం నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఒకే తావు నీళ్లు తాగినోళ్లం. నన్ను పంపిస్తే పంపించనీ. ఆ నోరులేని జీవాల్ని రోడ్డున పడేయొద్దురా."

"పక్కకు జరుగన్నా. నువ్వు దీన్ని చూడగూడదు. చూస్తే నా పని పోతాది."

"అంటే ఎవురో చెప్పినారన్నమాట."

"చెప్పినారు. ఎవురని అడగొద్దు."

వెంకటేశ్వరి పెట్టె ఒక కొస పట్టుకుంది. అతీఖ్ రెండో కొస వదల్లేదు. మధ్యలో అట్ట చిరిగింది. నారింజరంగు పిల్లి ఒకటి కిందికి దూకి, బాలసుబ్బయ్య కాళ్ల సందున దూరి నిలబడింది. ఎడమ చెవి కొనకు రాసిన మందు ఇంకా తడి ఆరలేదు.

లోపల హాల్లోంచి ఫైసల్ గొంతు వినబడింది. "యుమ్మా, నీ మిష్మిష్ ఏది?"

వెనకతలుపు తెరుచుకుంది. మామా చేతికర్ర ఆనించుకుంటూ మెట్టు దిగి, వంగి పిల్లిని ఎత్తుకుంది. చెవి తడిమి, మందు అంటిన వేలిని తన పొడవాటి నల్ల అంగీ, అబాయా అంచుకు తుడుచుకుంది. "వస్తున్నాం" అని లోపలికి కేకేసి, అతీఖ్ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"పాత డ్రైవరయితే పాలు పోసిన మర్నాడే తెచ్చేవాడు."