బస్టాపు స్తంభం మీది స్టిక్కరు

మేడ్చల్‌లో పరమేష్ ప్రింటింగ్ షాపు షట్టరు ఇంకా సగమే లేచింది. బిందు వంగి లోపలికి వచ్చేసింది. చంకలో ఏడాది పాప. చేతిలో అంచులు చిరిగిన స్టిక్కరు, దాని అడుగున ఈ షాపు పేరు. దాన్ని టేబుల్ మీద కొట్టింది.

"గీ క్యూఆర్ కోడు నువ్వు జేసిందేనా?"

"నేనే అక్కా. ఏమైంది?"

పరమేష్‌కు ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి, ఇచ్చినవాళ్ల ముఖాలు తెలియవు. మనిషే వచ్చి పోట్లాటకు దిగడం ఇదే మొదలు.

"ఏమైందా? కండ్లకోయ బస్టాపుల గీ చీమల పుట్ట అసొంటి బొమ్మ అతికిచ్చి పదిహేను రోజులైంది. గప్పటిసంది నా బండికాడ ఒక్క కాలేజీ పోరడు ఆగుతలేడు. అక్కా, చట్నీ ఇంకింత ఎయ్యి అన్నోళ్లు, ఇప్పుడు నా ముందలికెల్లే పోతున్నరు. తలకాయ గూడ తిప్పరు. మిగిలిన ఇడ్లీలు బర్రెలకు పెడుతున్న."

పరమేష్ ఫోన్ తీసి స్టిక్కరును స్కాన్ చేశాడు. 'వేడివేడి టిఫిన్స్' పేజీ తెరుచుకుంది. ఇడ్లీ, పూరీ, పెసరట్టు. కాలేజీ బస్సులో ఉండగానే ఆర్డర్ చెప్పేయొచ్చు.

"కోడ్ మంచిగనే పనిచేస్తాంది అక్కా. గీ వారంల మూడు వందల మంది చూసిండ్రు."

"మూడు వందలా?" ఆమె చంకలోని పాపను ఎగదోసుకుంది. "నువ్వే లెక్కవెట్టి సంబురపడు."

"పేజీల పెసరట్టు ఫొటో బాగలేదేమో. కొత్తది పెడదామా?"

"ఏం పెట్టకు. ఉన్నది తీసెయ్."

"అట్ల కాదక్కా. కోడ్ గిరాకీని తలుపు దాంక తెస్తది. ఆడికెల్లి రుచి సంగతి..."

"నా చట్నీకి వంక పెడతవా?"

పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. బిందు వీపు తడుతూనే అరిచింది.

"బండి బందైతే నేను మళ్ల బిల్డింగ్ పనికి పోవాలె. గీ పిల్లను ఇసుక కుప్ప మీద పండవెట్టి ఇటుకలు మొయ్యాలె. ఏసీల కూసున్నోనివి, నీకేం ఎరుక?"

షాపులో ఏసీ లేదు. పరమేష్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"పైసలేం వద్దు అక్కా. డబుల్ సైజుల కొట్టిస్త. నాలుగు దిక్కుల అతికిద్దాం."

"పెద్దగ జేస్తే నీ షాపు ముందట్నే కూసుంట. స్తంభం మీదిది నేను పీకిన. ఫోన్లది నువ్వు పీకు. ఇప్పుడే, నా ముందల."

ఇక లాభం లేదనుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, పేజీని తొలగించే బటన్ నొక్కాడు.

"ఓనర్ ఫోనుకు ఓటీపీ వచ్చి ఉంటది. చెప్పక్కా."

బిందు పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"నాకెట్ల వస్తది? గా కోడు హోటల్ గండయ్యది. నా బండి ఆయన హోటల్‌కు ఎదురుంగ ఉంటది."