రెండో గొంతు

"దద్దరిల్లే బేసు నాకొద్దు బావా. మనిషి గొంతు తెలియాల, అంతే," అన్నాడు పోతురాజు.

గోవింద్ అప్పటికే పికప్ బండి తలుపు లోపలి అట్ట ఊడదీస్తున్నాడు. పోతురాజు అతని భార్య తులసికి తమ్ముడు. తీరం నుంచి కోటబొమ్మాళి సంతకు ఆ బండిలోనే చేపలు తోలతాడు. అరసవల్లి రోడ్డులో గోవింద్ షాపుకు మంచి పేరుంది. ఎంత నత్తి స్టీరియో అయినా అతని చేతిలో పడితే ఊరేగింపుకు సరిపోయే మోత వస్తుందని కుర్రకారు దూరాల నుంచి వస్తారు. కానీ పాటంటేనే గిట్టని పోతురాజు మధ్యాహ్నం పూట ఖాళీ బండి వేసుకుని రావడం గోవింద్‌కు వింతగా తోచింది. ఏం వింటావని అడిగాడు.

పోతురాజు చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "తమ్ముడు సేసిన ఆకరి ఫోను. నా సెల్లులో రికార్డయిపోనాది. మొన్ననే సూసుకున్నాను."

గోవింద్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

తమ్ముడంటే శివాజీ. ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం తెల్లవారకముందే చిన్న పడవ వేసుకుని వలలు చూడ్డానికి ఒక్కడే వెళ్లాడని, పడవ మునిగి చనిపోయాడని ఊరంతా నమ్మింది. మూడో రోజుకు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పెద్దకర్మ దాకా అన్నీ గోవిందే దగ్గరుండి జరిపించాడు.

"పడవలోకి నీరొచ్చేస్తన్నాదన్నా అంటాడు. ఆడి ఎనకాల ఇంకో గొంతు ఉన్నాది బావా. ఎవుడో ఏటో అంటన్నాడు. అది తెలిస్తే సాలు." పోతురాజు మాటలో కోపం లేదు, ఏడుపూ లేదు. బండిలో మంచు ఎంత వేశారో చెప్పినట్టు చెప్పాడు. "ముందు పాతదాంట్లో ఓసారి ఇను."

"అక్కర్నేదురా. కంపినీవోడు ఎట్టిన స్పీకర్లలో ఏటి తెలుస్తాది?" అంటూ గోవింద్ వైర్లు పుటుక్కున కత్తిరించేశాడు.

ఆ రెండో గొంతు ఎవరిదో గోవింద్‌కు ఏ స్పీకరూ లేకుండానే తెలుసు. అన్న మాట కూడా తెలుసు. వలలు చూసొద్దామని ఆ వేళ తనూ పడవెక్కిన సంగతి ఎవరికీ తెలియదు. "ఆ డబ్బా ఇటియ్యిరా." తేలడానికి పనికొచ్చే ఖాళీ నూనె డబ్బా పడవలో ఒక్కటే ఉంది. శివాజీ ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు. బావ అడిగితే ఇచ్చేశాడు. గోవింద్ దాన్ని కావలించుకుని రెండూళ్ల అవతల ఒడ్డెక్కాడు. రాత్రంతా షాపులోనే పడుకున్నానని తులసికి చెప్పాడు. ఫోనులో గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదని పోతురాజు అప్పట్లో అంటే, ఆ మాటతో ఊపిరి పీల్చుకున్నాడు. అది రికార్డవుతుందని అతనికి తట్టలేదు. ఇప్పుడా గొంతు బయటపడితే తులసి మొహం చూడగలడా? అసలు పోతురాజు బతకనిస్తాడా?

గోవింద్ మొహం మీదికి నవ్వు తెచ్చుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోకూడదని తనకు తానే చెప్పుకున్నాడు. షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద బేసు పెట్టె తెచ్చి సీటు వెనక బిగించాడు. వద్దన్నాను కదా అని పోతురాజు అంటే, గొంతుకు కాస్త కండ పట్టాలి కదురా అని సర్దిచెప్పాడు. తలుపుల్లో కొత్త స్పీకర్లు, ముందు కొత్త స్టీరియో. దాని తెర మీద మనిషి గొంతు పలికే మధ్య గీతలన్నీ ఒక్కొక్కటే అడుక్కి దించాడు, మోత పుట్టించే గీతలు పైకి లేపాడు. పోతురాజు రెప్ప వేయకుండా ఆ వేలినే చూస్తున్నాడు. చూస్తే చూశాడు, చేపలవాడికి ఈ గీతల సంగతి ఏం తెలుస్తుందనుకున్నాడు గోవింద్.

"అయిపోనాదా? అయితే నువ్వూ లోన కూకో బావా. కలిసి ఇందాం."

అద్దాలు ఎక్కించాక లోపల చేపల నీచు, ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ మిగల్లేదు. పోతురాజు పెన్‌డ్రైవ్ గుచ్చాడు. సీట్లోంచి వెన్నులోకి ఎక్కే హోరు మొదలైంది. అందులో శివాజీ గొంతు దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వచ్చింది. 'అన్నా' అన్నది తప్ప ఒక్క మాటా తెలియలేదు. పదకొండు సెకన్లలో అయిపోయింది.

పోతురాజు మళ్లీ పెట్టాడు. మూడోసారీ పెట్టాడు. ప్రతిసారీ గోవింద్ గోళ్లు అరచేతిలో దిగేలా పిడికిలి బిగించాడు. రెండో గొంతు రాలేదు. బతికిపోయాననుకున్నాడు. ఆ పిల్లవాడి ఆఖరి మాటలు వింటూ కూడా, సిగ్గు లేకుండా, సంతోషం వేసింది.

"సముద్రం హోరురా అది, గొంతు కాదు," అన్నాడు గోవింద్, పోతురాజు భుజం మీద చెయ్యి వేసి. "నీ మనసుకి అలాగనిపిస్తన్నాది. పోనోడు పోనాడు, ఒదిలీ."

పోతురాజు తల ఊపాడు. రోడ్డు మీద ఎలా పలుకుతుందో కూడా చూద్దామని బండి తీశాడు. గోవింద్ హాయిగా వెనక్కి వాలాడు. నాలుగు మలుపులు తిరిగాక ఇళ్లు పలచబడ్డాయి, రోడ్డుకు రెండు పక్కలా సరుగుడు తోటలు మొదలయ్యాయి. అది సముద్రానికి వెళ్లే దారి. తలుపుల తాళాలు టక్కున పడ్డాయి.

"ఇటేటిరా?" అన్నాడు గోవింద్.

పోతురాజు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"పాత స్పీకర్లలో నీ గొంతు సక్కగా తెలిసీది, బావా."