తొమ్మిదా, పదమూడా

"ఏంటమ్మాయ్, పెన్సిలు గాల్లో పెట్టుకుని కూర్చున్నావ్? మీటరు ఎంత చెబితే అంత రాసెయ్!" మేనేజర్ రామకాంత్ గేటు దగ్గర్నుంచే అరిచాడు. ఆ కోల్డ్ స్టోరేజీలో ఎవరైనా అరవాల్సిందే. కంప్రెసర్ల హోరు అలాంటిది.

"అంకె నిలబడాలి సార్, ఒక్క నిమిషం!" అని కోటేశ్వరి కూడా అరిచింది.

పచ్చి అబద్ధం. మీటరులో అంకె నిలబడటం కాదు, అసలు కనపడటమే మానేసి తొమ్మిది రోజులైంది.

ఆమె చూపంతా ఎదురుగా స్టూలు మీద కూర్చున్న యలమందయ్య ముఖం మీద ఉంది. ముప్ఫయ్యేళ్లుగా ఆ స్టోరేజీలో మిరపకాయల తేమ చెప్పేది ఆయనే. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. గింజలు గలగలమంటే ఎండినట్టు, కాయలు కుక్కిన టిక్కీ బస్తాలు లోపలికి పోవచ్చు. చప్పుడు రాకపోతే పచ్చి, మళ్లీ కళ్లంలో ఆరబోసుకోవాల్సిందే. పచ్చికాయ ఒక్క టిక్కీ లోపలికి పోయినా బూజు పక్క టిక్కీలకు పాకుతుంది. ఘాటుకని ఈ సీజనులో ఆయన తలగుడ్డ చెవుల మీదికి దించి కట్టుకుంటున్నాడు. ఆ గుడ్డ మీదనుంచే విని చెప్పేస్తుంటే రైతులు నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు.

యలమందయ్య కాయలు ఆడిస్తూనే ఉన్నాడు. ఈమధ్య చాలాసేపు ఆడిస్తున్నాడు. కాసేపటికి ఆయన పెదవులు బిగుసుకున్నాయి. పచ్చి! కోటేశ్వరి గబుక్కున తేమ పదమూడు శాతమని వేసింది. ఆ వెంటనే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మళ్లీ ఇద్దరిదీ ఒకటే మాట!" అన్నాడు రామకాంత్ దగ్గరికొస్తూ.

ఆయనకి సెన్సార్ల పిచ్చి. "టీవీలో సెన్సార్, లిఫ్టు తలుపులో సెన్సార్, మా బావమరిది కారుకి వెనక సెన్సార్. రెండువేల నాలుగొచ్చినా మనం ఇంకా చెవి దగ్గర కాయలాడిస్తే ఎట్లా?" అంటూ గుంటూరు నుంచి తేమ కొలిచే మీటరు తెచ్చాడు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కోటేశ్వరిని దాని దగ్గర కూర్చోబెట్టాడు. పది రోజులు పోటీ పెట్టాడు. తేడా వస్తే కాయలు ల్యాబుకి పంపుతాడు. తప్పు ఎవరిదైతే వాళ్లు ఇంటికే.

రెండోరోజే కొంప మునిగింది. మీటరు గిన్నెలో కారం పేరుకుందని కోటేశ్వరి తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. సెన్సార్‌కి తడి తగలకూడదని అట్టపెట్టెలోని కాగితం మీద రాసి ఉందట, తర్వాత చదువుకుంది. చెబితే మొదటి ఉద్యోగం మొదటి వారంలోనే పోతుంది. చెప్పలేదు. ఆరోజు నుంచీ అన్నం సయించడం లేదు. యలమందయ్య తాత ముఖమే ఆమె మీటరు.

"ఇవాళ్టితో పోటీ అయిపోయింది" అంటూ రామకాంత్ సంచిలోంచి కొత్త డిజిటల్ కెమెరా తీశాడు. "ఫిల్ము లేదు, కడగడాలు లేవు. ఇందులోనూ సెన్సారే! నావైపు చూడకండి, మీ పని మీరు చేసుకోండి."

మూడు టిక్కీలకి మూడు ఫొటోలు తీశాడు. మూడుసార్లూ ఇద్దరి మాటా కలిసింది.

"శభాష్! యలమందయ్యా, మీటరు నీ అంత బాగా చెబుతోంది. అది జీతం అడగదు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

యలమందయ్య వెర్రిచూపు చూశాడు. రామకాంత్ ఆయన మీదికి వంగి అదే మాట మళ్లీ అరిచాడు. ముసలాయన చేతిలో కాయలు జారిపోయాయి.

"మా ఇంటిది సుబ్బరావమ్మకి నెలనెలా షుగరు మందులు కొనాలి సార్... నేనేం తప్పు చెప్పాను సార్?"

కోటేశ్వరి ఇక ఉండబట్టలేకపోయింది. ఆయన ముఖం చూసి బతుకుతూ ఆయన కూడే తీసేస్తోంది తను!

"సార్! మీటరు చచ్చిపోయింది."

"ఎప్పుడు?"

"తొమ్మిది రోజులైంది సార్. తడిగుడ్డతో తుడిచాను. తాత ముఖం చూసి వేస్తున్నా. పెదాలు బిగిస్తే పదమూడు, లేకపోతే తొమ్మిది. నన్ను తీసెయ్యండి, తాతని తియ్యకండి!"

రామకాంత్ మీటరు నొక్కాడు, కొట్టాడు. తెర నల్లగానే ఉంది. నమ్మకం కుదరక కెమెరాలో ఫొటోలు వెనక్కి తిప్పాడు. మూడింటిలోనూ కోటేశ్వరి కళ్లు మీటరు వైపు లేవు, తాత ముఖం మీదే ఉన్నాయి.

"ఓసి నీ అసాధ్యం కూలా! నాలుగువేల టిక్కీలు లోపల సర్దించానే!" అని నెత్తి కొట్టుకుని, కాసేపటికి తనే నవ్వేశాడు. "పోన్లే. సర్దించింది పెద్దాయన చెవేగా, బూజు భయం లేదు. యలమందయ్యా, రేపట్నుంచి మళ్లీ నువ్వే!"

కెమెరా ఆమె చేతిలో పెట్టి, మీటరు అమ్మినవాణ్ని తిట్టడానికి ఫోను దగ్గరికి పోయాడు. పది రోజుల తర్వాత కోటేశ్వరి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

యలమందయ్య మాత్రం నవ్వలేదు. పాలిపోయిన ముఖంతో మీటరునీ, లోపల కప్పు దాకా పేర్చిన టిక్కీలనీ మార్చిమార్చి చూస్తున్నాడు. పాపం, మనసు కష్టపడిందేమో అనుకుంది.

ఇంతలో కరెంటు పోయింది. కంప్రెసర్లు ఆగిపోయాయి. చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం.

"తాతా!" నాలుగడుగుల దూరంలోంచి పిలిచింది. ఆయన తిరగలేదు.

"తాతా, నిన్నే!" గట్టిగా పిలిచింది. అయినా తిరగలేదు.

కోటేశ్వరి ఏదో అనుమానమొచ్చి కెమెరా నొక్కింది. ఈసారి ఫొటోల్లో తనని చూసుకోలేదు, తాతని చూసింది.

మూడింటిలోనూ యలమందయ్య కళ్లు ఆమె పెన్సిలు మీదే ఉన్నాయి.