తెలుగొచ్చిన మనిషి

“హిందీ ఆతీ హై?” ఫోను స్పీకరులోంచి అడిగింది కోర్టు దుబాసీ ఆడగొంతు.

“రాదమ్మా! తెలుగు! తెలుగు!” బోనులోంచి అరిచాడు హనుమయ్య.

న్యూజెర్సీలో ఓ చిన్న ఊరి కోర్టు అది. జడ్జమ్మకు ఆ భాష పేరే కొత్త. విసుగ్గా ఫోను పెట్టించేసి, “ఫ్రైడే” అంది. హనుమయ్యను మళ్ళీ జైలుకు తీసుకుపోయారు.

అతను చేసిన నేరమేమిటి? హోటల్లో వంటమనిషి. ఓనరు జగదీష్ పంపితే, పెళ్ళివాళ్ళకు బిర్యానీ గిన్నెలు వ్యాన్‌లో తీసుకెళ్ళాడు. వ్యానుకు ఇన్సూరెన్సు లేదు. ఫైను మాత్రం నడిపినవాడి పేరున పడింది. కట్టలేదు, లోపలేశారు. డబ్బుల్లేనివాణ్ణి లోపలేస్తే అక్కడేమన్నా డబ్బులు కాస్తాయా? ఏ చట్టానికీ ఈ మాత్రం బుర్ర లేదు.

జైల్లో పక్క మంచం ముసలాయన ఏదో అడిగేవాడు. హనుమయ్య తలూపేవాడు. అంతే, ఇంకెవరితోనూ పలుకు లేదు. తన గొంతు తనకే కొత్తగా అనిపించి, దుప్పటి ముసుగేసుకుని తనలో తనే మాట్లాడుకునేవాడు.

“అమ్మా, నేను ఎగ్గొట్టేవాణ్ణి కాదు. చలికాలం మొదలైన కాడ్నించీ మా ఓనరు జీతమివ్వలా. అదిప్పిస్తే మీ ఫైను ఇప్పుడే కట్టేస్తా.”

ఇంతే. ఈ నాలుగు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పిపెట్టే మనిషి ఒక్కడు దొరికితే బయటపడతాడు.

శుక్రవారం బేడీలతో తెచ్చి జడ్జమ్మ ముందు నిలబెట్టారు. గుమాస్తా బొటనవేలు పైకెత్తి, “తెలుగు! తెలుగు!” అన్నాడు నవ్వుతూ. డబ్బు తీసుకోకుండా సాయం చేస్తానని ఊళ్ళోని తెలుగు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు.

హనుమయ్యకు కళ్ళు చెమ్మగిల్లాయి. వెనక్కి తిరగబోతే పోలీసు భుజం పట్టి ఆపాడు.

“వచ్చారా సార్! అంతా చెప్తా సార్, ఒక్క ముక్క వదలకుండా ఆమెకు చెప్పండి!” అన్నాడు అటు చూడకుండానే.

జడ్జమ్మ నెమ్మదిగా ఏదో అడిగింది. ఈసారి ఆమె గొంతులో జాలి వినిపించింది.

వెనక బూట్లు కదిలాయి. ఆ మనిషి పక్కకొచ్చి నిలబడ్డాడు.

“ఏం హనుమయ్యా, ఫైను ఎందుకు కట్టలేదు, నీకెవరన్నా డబ్బు ఇవ్వాల్సి ఉందా అని అడుగుతున్నారు మేడమ్‌గారు. చెప్పు మరి,” అన్నాడు ఓనరు జగదీష్.