పూర్తి ధర

ఊళ్లో ప్రతి కొట్టుకీ ధరపెట్టె తప్పనిసరి అయ్యాక వడ్రంగి పూర్ణాచారికి బంధువులు పెరిగిపోయారు. ఆ పెట్టె మొహం చూడదు. వచ్చినవాళ్ల మాటలు విని, చనువు కొలిచి ధర చెబుతుంది. అది చెప్పాక మార్చడానికి వీల్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా "బావా!" అంటూ వచ్చి సగం ధరకే మంచాలు చేయించుకుపోతున్నారు. ఇలాగే సాగితే కొట్టు మూసెయ్యాల్సిందే.

ఆ ఉదయం సూరన్న వచ్చాడు. పలకా బలపం రోజుల నుంచీ "ఒరేయ్" తప్ప మరో పిలుపు ఎరగని స్నేహితుడు. ఆచారి పెట్టె వంక చూశాడు. వీడికైతే పెట్టె ఊరికే ఇచ్చెయ్యమంటుంది.

సూరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నమస్కారమండీ ఆచారిగారూ. మా మనవరాలికి టేకు ఉయ్యాల కావాలండి. తమరు బాగా చేస్తారని విన్నానండి."

"కొత్త మనిషి. పూర్తి ధర," అంది పెట్టె.

సూరన్న అక్కడికక్కడే డబ్బు కట్టేశాడు. వెనక నిలబడ్డ ఆసామి "బా..." అనబోయి, సిగ్గుపడి, "ఆచారిగారూ" అన్నాడు. ఆ వెనకాయన కూడా అంతే.

మధ్యాహ్నం ఇద్దరూ వీధి మలుపు దాటాక సూరన్న ఆచారి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"ఒరేయ్ పూర్ణా, టీ ఇప్పించరా! నిన్ను గారూ గారూ అని నా నోరెండిపోయింది."