కొబ్బరిపిండి కొలత

"బాదంపిండి ఎంతో కొబ్బరిపిండీ అంతే. కప్పుకి కప్పు," అంది చెల్లెలు, అక్క కళ్లలోకి సూటిగా చూస్తూ. "గుడ్లు, అరటిపండు, వెన్న మామూలే."

అక్క బుద్ధిగా తలూపింది. గోధుమ, బియ్యం, మొక్కజొన్న ఏదీ తగలని వాఫుల్స్ కావాలట. పైగా తన వంట క్లాసులో బాదం పడనివాళ్లున్నారట. అందుకని కొబ్బరిపిండితో చేయడం ఎలాగో కనుక్కోవడానికి పొద్దున్నే వచ్చి చెల్లెలి వంటింట్లో కూర్చుంది.

చెల్లెలు చెప్పింది పచ్చి అబద్ధం. కొబ్బరిపిండి తడినంతా పీల్చేస్తుంది. కప్పు బాదంపిండి చోట పావు కప్పు వేస్తే చాలు, గుడ్లు ఇంకా ఎక్కువ పడాలి. కప్పుకి కప్పు వేస్తే వాఫుల్ మెషిన్‌కి అంటుకుపోయిన రంపప్పొట్టు మిగులుతుంది. ఎన్నో పొట్లాల పిండి తగలేసి ఆమె ఈ సంగతి నేర్చుకుంది. అక్కకు మాత్రం ఊరికే ఎందుకు చెప్పాలి?

ఇప్పటికే ఊరికే ఇచ్చింది చాలు. బేకింగ్ సామాన్ల కొట్టు నడిపే మేడమ్ వంట క్లాసులకు టీచరు కావాలంటే, చెల్లెలు తన పాన్‌కేకులు రుచి చూపిస్తానని కబురు పెట్టింది. తీరా ఆ రోజు ఒళ్లు కాలిపోయే జ్వరం. నేనిచ్చి వస్తాలే అని డబ్బా పట్టుకెళ్లిన అక్క, ఉద్యోగంతో తిరిగొచ్చింది. ఎవరు చేశారని మేడమ్ అడిగితే నేనే అందట. పిల్లికి పాలకుండ అప్పజెప్పినట్టయింది. అప్పటినుంచీ చెల్లెలి వంటింట్లో పుట్టిన ప్రతి వంటా వారం తిరిగేసరికి అక్క పేరు మీద క్లాసుకెక్కేది. నిలదీస్తే బుగ్గ గిల్లి, "మన మధ్య నీదీ నాదీ ఏమిటే చిట్టీ" అనేది.

ఆ బుగ్గ ఇప్పటికీ మండుతూనే ఉంది. తాడి తన్నేవాడి తల తన్నేవాడు ఒకడుంటాడని అక్కకు తెలిసిరావాలి. అదీ నలుగురి ముందు తెలిసిరావాలి. ఆదివారం కొట్టు పైన హాల్లో అక్క వంట ప్రదర్శన ఉంది. మేడమ్ కొత్తగా తెరుస్తున్న కెఫేలో వంటగది ఎవరి చేతిలో పెట్టాలో ఆ రోజే తేలుస్తుంది. అక్క వాఫుల్స్ పొడిపొడిగా రాలినప్పుడు చెల్లెలు లేచి, నేను చేసి చూపించనా అంటుంది. సరైన పాళ్లలో కలిపిన పిండి డబ్బా సంచిలో సిద్ధంగా ఉంటుంది.

అక్క ముందే ఇంట్లో చేసి చూసుకుంటుందన్న భయం లేదు. జనం చూడకపోతే ఆవిడ పొయ్యి వెలిగించదు.

శనివారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఆ కొబ్బరిపిండి కొలత మళ్లీ చెప్పవే, మర్చిపోయాను. స్పీకర్లో పెట్టాను, మేడమ్ కూడా ఇక్కడే ఉన్నారు."

చెల్లెలు ఒక్క క్షణం తటపటాయించింది. మేడమ్‌కి పిండి అమ్మడమే గానీ వండటం రాదని గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకుంది. కప్పుకి కప్పు అని గట్టిగానే చెప్పింది.

"రేపు నువ్వూ రావే. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను."

"రాకుండా ఎలా ఉంటానక్కా?"

ఆదివారం హాలు నిండింది. అక్క మొదట బాదంపిండి పాన్‌కేకులు వేసి, తన సొంత తయారీ అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. అవీ చెల్లెలివే. ఆమె పళ్లు నూరుకుంటూ అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టింది. కొట్టించుకో, ఇవే ఆఖరివి అనుకుంది.

తర్వాత వాఫుల్స్ వంతు. మెషిన్ తెరిస్తే పై సగం మూతకు, కింది సగం అడుక్కి అంటుకుపోయాయి. అక్క చెంచాతో గీకి, ఆ ముక్కలనే అందరికీ పంచింది. ఒక పెద్దాయనకు పొలమారింది. మేడమ్ నోట్లో వేసుకున్నది మింగలేక, ఉమ్మలేక మొహం మాడ్చుకుంది. చెల్లెలికి ఇన్నాళ్ల కడుపుమంట ఒక్కసారిగా చల్లారినట్టయింది. అక్క మొహంలో మాత్రం కంగారు లేదు. సిగ్గుంటే కదా అనుకుని, సంచిలో చెయ్యి పెట్టి డబ్బా పట్టుకుంది.

"ఏమిటమ్మా ఇది? ఇలాంటివి కెఫేలో పెడితే కొట్టు కూడా మూసుకోవాలి," అంది మేడమ్.

చెల్లెలు డబ్బాతో సహా లేచి నిలబడింది. హాలంతా ఆమె వైపు తిరిగింది. అక్క తాపీగా చేతులు తుడుచుకుని, మైకు అందుకుని, ప్రేమగా చెల్లెలిని చూపించింది.

"ఇదొక్కటీ మా చెల్లెలి వంట మేడమ్."