మల్లీశ్వరి కొర్రగంజి

"ఆ గిన్నె ఎత్తుకొనిపో. వాసన గూడా నాకు రానీయొద్దు," అని ఓబుళేసు మొగం గోడవైపు తిప్పుకొన్నాడు.

తిరుపాలమ్మ కదల్లేదు. గిన్నెలో ఉన్నవి రాగిసంగటి, నంజుకొనేదానికి శనక్కాయల ఊరిబిండి. పద్దెనిమిదేండ్లుగా ఈ మనిషి వేళ్లు నాకి మరీ తిన్న కూడు అది. పట్నంలో మూడోసారి క్యాన్సర్ మందు ఎక్కించుకొని వచ్చి రెండు దినాలైంది. ప్రతిసారీ ఇదే వరస.

"వాంతుల మాత్ర మింగి గంటాయె గదయ్యా. రెండు ముద్దలు తిను."

"వద్దంటే వద్దు. నీ చేతిది వద్దు."

అంతలో వాకిట గాజులు గలగలమన్నాయి. పక్కింటి మల్లీశ్వరి చెంబు పట్టుకొని నేరుగా లోపలికే వచ్చింది. ఓబుళేసుకు మేనమామ కూతురు. ఒకప్పుడు అతని పెండ్లి ఈమెతోనేనని గార్లదిన్నె పల్లెలన్నీ అనుకొన్న మనిషి.

"బావా, కొర్రగంజి. చల్లార్చి తెచ్చినా."

ఓబుళేసు లేచి కూర్చున్నాడు. గుక్క గుక్కగా సగం చెంబు తాగాడు.

"చూస్తివా అక్కా! దేనికైనా చేతిగుణం ఉండల్ల," అని నవ్వి మల్లీశ్వరి వెళ్లిపోయింది.

జబ్బు కడుపుకు మర్యాదలు తెలియవని తిరుపాలమ్మ ఇన్నాళ్లూ మనసుకు చెప్పుకొంది. కానీ ఈ కడుపు కూడును కాదు, మనుషుల్ని ఎంచుకొంటోంది. ఆమె దండెం మీది చీరలు లాగి సంచిలో కుక్కింది.

"యాడికే?"

"కుందుర్పికి, మా నాయన దగ్గరికి. నీకు మాత్రలిచ్చేదీ, నీ వాంతి ఎత్తేదీ ఇంక ఆయమ్మనే చూసుకోనీ."

ఓబుళేసు బదులియ్యబోయి బకెట్టు మీదికి వంగాడు. తాగిన గంజంతా బయటికొచ్చింది. తిరుపాలమ్మ సంచి వదిలేసి అతని నొసలు పట్టుకొంది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇదేనా చేతిగుణం?"

"మెల్లగ మాట్లాడే, మల్లి వింటే రేపు గంజి తేదు," అన్నాడు ఓబుళేసు, మూతి తుడుచుకొంటూ.

"అంత తీపా ఆ గంజి?"

"తీపి యాడిదే! నచ్చిన కూడు ఈ దినాల్లో ముట్టొద్దని పట్నం ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పినాది. ఏది తిని కక్కుకుంటే దాని మీద రోత పుడతాదంట. జబ్బు పోయినా ఆ రోత పోకపోవచ్చంట. నీ సంగటి నాకు సచ్చేదాంకా కావల్ల. పుట్టే రోతేదో మల్లి గంజి మీదనే పుట్టనీ!"